గునుగు కట్టే చేతులు

పెత్రమాస వస్తోందంటే మెదక్ బజారులో గునుగు, తంగేడు మోపులు దిగుతాయి. తెల్లారకముందే చేన్ల గట్లు తిరిగి కోసుకొచ్చిన పూలవి. బతుకమ్మ పాటను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం పేర్చే పనితనమే ముందు.

ఆ పని చూడాలంటే మా పెద్దమ్మ పక్కన కూర్చోవాలి. గునుగు కాడలన్నీ ఒకే పొడవుకు కోసి, చిన్న చిన్న కట్టలుగా దారం చుట్టి, పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెడుతుంది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచున తంగేడు వరస, దానిమీద గునుగు వరస. పూలు బయటికి, కాడలు లోపలికి. నడుమ ఖాళీలో తరిగిన ఆకులూ కాడలూ కూరుతుంది. అది గట్టిగా లేకపోతే పైవరస కుంగిపోతుంది. పైకి పోయేకొద్దీ చుట్టు సన్నబడుతుంది. కొలబద్ద లేదు, కన్నే కొలత. కొసన గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ.

మన బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. గునుగే, చేన్లలో కలుపుమందు పెరిగాక, దూరం పోతే గానీ దొరకడం లేదు. పెద్దమ్మ పోతుంది.

నిరుడు సద్దులనాడు చెరువుదాకా నెత్తిన మోశాం. ఒక్క పువ్వు జారలేదు.