పాతకారునకు క్రొత్తబలము

పాతకారు నుంచుకొన్నవానికి ఏదో యొకనాడు తప్పక కలుగు కోరిక యొకటి కలదు. సీట్లు కుట్టించి, రంగు వేయించి, క్రోమియపు బంపర్లకు మెఱుగు పెట్టించి, వీథిలోనివారి మెప్పు పొందిన పిమ్మట, జాతీయరహదారిపై నిన్నగాక మొన్న పుట్టిన చిన్నకారొకటి చప్పుడైన చేయక తన్ను దాటిపోవుచుండగా, 'దీనికింకను కొంత బలముండిన నెంత బాగుండును!' అని అతనికి తోచును. ఇక నాటినుండి మనస్సు మనస్సులో నుండదు.

మా మేనల్లునికి తండ్రినుండి సంక్రమించిన అంబాసిడరొకటి యున్నది. మొన్న నతడు వచ్చి, "మామయ్యా, రెండో కార్బొరేటరు పెట్టించి, కామ్‌షాఫ్టు మార్పిస్తే పికప్ అదిరిపోతుందిట. చేయించమంటావా, వద్దంటావా?" అని యడిగెను. విజయవాడ ఆటోనగరు షెడ్లలో ముక్కాలిపీటపై కూర్చుండి కాలక్షేపము చేయు నలవాటుగల నాకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని, దీనికి ఔననిగాని కాదనిగాని యొక్కమాటలో తీర్పు చెప్పుట న్యాయము కాదని నా యభిప్రాయము.

కోరిక నిరాధారమైనది కాదని ముందుగా నంగీకరింపవలెను. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు ననుసరించి ఉత్తర్‌పారా కార్ఖానాలో రూపొందిన అంబాసిడరునకు, తొలిరోజులు గడచినంతనే, బ్రిటిష్ మోటార్ కార్పొరేషనువారి 'బి' శ్రేణిలోని 1489 సీసీ ఇంజను నమర్చిరి. మన బండిలో నది ఇంచుమించు 50 అశ్వశక్తుల నిచ్చును. అదే బోరు, అదే స్ట్రోకు గల యింజను, 1955లో వెలువడిన ఎంజీఏ యను రెండుసీట్ల క్రీడాకారులో, జంట ఎస్‌యూ కార్బొరేటర్లతోను, 8.3 కంప్రెషనుతోను 72 అశ్వశక్తులదాక నిచ్చి గంటకు 150 కిలోమీటర్లు దాటి పరుగెత్తినది. మన బండి కంప్రెషనును 7 చిల్లరతో నాపుటకు కారణము ఇనుము నాణ్యత చాలకపోవుట గాదు. ఆనాటి పెట్రోలునకు ఆక్టేను తక్కువగుటచే, ఒత్తిడి హెచ్చినచో నింధనము వేళగానివేళ మండి నాకింగు పుట్టుటయే. కావున నా యింజనులో వెలికిరాని బలము కొంత దాగియున్నదనుట నిజమే.

అయినను నేను మేనల్లుని ఎదురు ప్రశ్నించితిని: క్రొత్తబలము మాట యటుండనిమ్ము, ఉండవలసిన 50 అశ్వములలో నేడెన్ని మిగిలియున్నవి? పూడిక తీయకయే బావి లోతు త్రవ్వించువానిని లోకము మెచ్చునా? ఈ లెక్క తేల్చుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. ఇంజను వేడెక్కిన పిమ్మట నాలుగు ప్లగ్గులను విప్పి, ఒక్కొక్క రంధ్రమున కంప్రెషను గేజి నానించి, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కియుంచి సెల్ఫు కొట్టవలెను. నాలుగంకెలును ఒకదానికొకటి చేరువగా నుండిన మేలు. ఒకచోట నంకె పడిపోయినచో, అందు చెంచాడు ఇంజనాయిలు పోసి మరల చూడవలెను. అప్పుడు లేచినచో రింగులుగాని బోరుగాని అరిగినవనియు, లేవనిచో తప్పు వాల్వులదో హెడ్డు గాస్కెట్టుదో యనియు గ్రహింపనగును.

నేనెఱిగిన ముసలి మేస్త్రి యొకడు గేజి చేతబట్టుటకు ముందే మరియొక పని చేయును. యజమానిని లోపల కూర్చుండబెట్టి, కాలు నేలకానునట్లు త్రొక్కుమని, తాను బానెట్టు క్రిందికి వంగి చూచును. ఒకనాడు నేను చూచుచుండగనే, "తమరు కిందదాకా తొక్కేశారు గానండీ, ఇక్కడ థ్రాటిలు ముప్పాతికే తెరుచుకుంటంది. మిగతా పాతిక ఈ లింకుల అరుగుడులోనే పోతంది" అని నవ్వి, చిన్న నట్టొకటి త్రిప్పి, బండికి పూర్వపు చుఱుకుదనమును మరల దెచ్చెను. పాయింట్ల ఎడము, డిస్ట్రిబ్యూటరు ప్రక్కనుండు వాక్యూము పొర చిరుగు, సైలెన్సరులో పేరుకొన్న మసి, ఇట్టివన్నియు తలా యొకటి రెండశ్వములను మ్రింగి కూర్చుండును. వీనిని రాబట్టుకొన్నవానికి బండి క్రొత్తగా మారినట్లే తోచును. నిజమునకు దాని సొమ్మే దానికి చేరినది.

ఇక నిజముగా బలము పెంచుటయే సంకల్పమైనచో, ఆ యింజను నిర్మాణమే కొన్ని హద్దులు గీచియున్నది. నాలుగు సిలిండర్లకు గాలియు పెట్రోలును చేరు ద్వారములు రెండే. ఒక్కొక్కదానిని రెండేసి సిలిండర్లు పంచుకొనవలెను. క్రాంకును మోయు ప్రధాన బేరింగులు మూడే. బోరు 73 మిల్లీమీటర్లుకాగా, స్ట్రోకు దాదాపు 89. ఇట్టి పొడవు స్ట్రోకు ఇంజనునకు స్వభావసిద్ధమైన గుణము పరుగు గాదు, లాగుడు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు నెక్కునప్పుడు, నిండుకుటుంబమును, పైన సామానును మోయుచు, తక్కువ తిరుగుడులోనే వంపు వెంబడి వంపు తొట్రుపడక యెక్కించునది ఆ గుణమే. పందెపు కామ్‌షాఫ్టు నమర్చినచో, పై తిరుగుళ్లలో వచ్చు బలమునకు మూల్యముగా ఈ క్రింది లాగుడునే చెల్లించుకొనవలెను. రహదారిపై పది నిమిషముల ముచ్చటకు ఘాటురోడ్డున క్లచ్చి కాల్చుకొనుట ఎట్టి బేరమో చదువరులే యోజింపవలెను.

వేగమైనను ఆశించినంత పెరుగునా యనిన, అదియు లేదు. గాలి నెదిర్చి పోవుటకు వలయు శక్తి వేగముయొక్క ఘనము ననుసరించి హెచ్చును గనుక, ఇంజను బలమును 20 శాతము పెంచినను గరిష్ఠవేగము సుమారు 6 శాతము మాత్రమే పెరుగును. ఆపుట మాత్రము మరింత భారమగును: 80లో పోవు బండికంటె 100లో పోవు బండియందలి గతిశక్తి ఒకటిన్నర రెట్లకు మించును, అదంతయు బ్రేకులలోనే వేడిగా మారవలెను. పాత అంబాసిడరునకు నాలుగు చక్రములయందును డ్రమ్ములే. కర్మాగారములవా రీ ధర్మము నెఱుగుదురు. ఎంజీఏ ఇంజనును 1959లో 1588 సీసీకి పెంచినప్పుడు దానితోడనే ముందుచక్రములకు డిస్కు బ్రేకుల నిచ్చిరి. 34 అశ్వశక్తుల మినీని 1961లో జాన్ కూపరు 55 అశ్వశక్తుల మినీ కూపరుగా మార్చినప్పుడును అంతియే. 1990ల యారంభమున హిందుస్తాన్ మోటార్సువారే అంబాసిడరులో ఇసుజు 1.8 లీటర్ల యింజను దింపినపుడు, గేరుబాక్సును సైతము మార్చి ఐదు గేర్లదానిని జతపఱచిరి. ఆ యింజనునే పాతబండిలో మనము దింపుకొందమనువారు, తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధముగా బండిని మార్చరాదను 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును, దానిని దృఢపఱచిన 2019 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పును మఱవరాదు. పదునైదేండ్లు దాటిన బండి అయిదేండ్లకొకమారు ఆర్టీవో యెదుట నిలువక తప్పదు గదా.

మద్రాసు చెంత షోళవరపు పాత విమానపుబాటపై ఏండ్ల తరబడి జరిగిన పందెములలో మన యూరి ఫియట్లవంటి కార్లను ఇట్లే మార్చి పరుగెత్తించిరి. ఆ విద్యను నేను తక్కువ చేయను. కాని పందెపు ఇంజను కొలది చుట్లు తిరిగి, పిమ్మట విప్పబడుటకు పుట్టినది. మేనల్లుని బండియో, తల్లిని గుడికి దీసికొనిపోయి మరల తేవలసినది.

కనుక అతనికి నా తీర్పు ఇది. ముందు పోయిన బలమును రాబట్టుము. రెండవది, బ్రేకులు విప్పించి డ్రమ్ములు, సిలిండర్లు, గొట్టములు సరిచేయించుము. వాల్వులకొఱకు హెడ్డు దింపవలసివచ్చినచో, అప్పుడే లేత్ షాపున హెడ్డును కొద్దిగా ఫేసింగు చేయించి కంప్రెషనును 8 చేరువకు దెమ్ము. నేటి పెట్రోలు దానిని సహించును. సీసము కలిసిన పెట్రోలు 2000లోనే పోయినది గనుక వాల్వులక్రింద గట్టి సీట్లు వేయింపుము. లేనిచో హెచ్చిన వేడికి మెత్తని యినుము అరగి వాల్వులు దిగబడును. రెండవ కార్బొరేటరు, పందెపు కామ్‌షాఫ్టు వలదు. ఇంతతో బండి చుఱుకుగా నడచును, ఘాటెక్కును, ఆపినచోట నాగును. అప్పటికిని వేగకాంక్ష తీరనిచో వేరొక కారు కొనుక్కొనుము; అది నీకు చవుక, అంబాసిడరునకు క్షేమము.