కాలువ పారినా చల్లారిన కొలిమి: హుజూర్‌నగర్ ఆయకట్టు నుంచి ‘పల్లె కన్నీరు పెడుతుందో’

గోరటి వెంకన్న రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ చిత్రం ద్వారా తెలుగునాట ఊరూరికీ చేరింది. ప్రపంచీకరణ మన పల్లెల్లో రేపిన కలవరానికి దీనిని సాక్ష్యంగా చూపడం విమర్శలో పరిపాటి. బహుళజాతి సంస్థల ప్రస్తావన పాటలోనే ఉన్నందున ఆ వ్యాఖ్యానం తప్పు కాదు. కాని అక్కడితో ఆగితే ఒక ముడి విడకుండానే మిగిలిపోతుంది.

ఈ పాటలో రెండు దుఃఖాలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి నీటిది: బావులు, వాగులు ఎండిపోవడం. మరొకటి పనిది: కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, సాలె మగ్గం మూలపడడం. కవి పుట్టిన గౌరారం పాలమూరు మెట్టనేలలోనిది. అక్కడినుంచి వింటే ఈ రెండూ ఒకే దుఃఖంగా వినిపిస్తాయి. పంటే లేనిచోట నాగలికర్రుకు పదును పెట్టించుకునేవారెవరు?

ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్ నుంచి వింటే రెండూ విడివడతాయి. ఇది నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలాక ఈ ప్రాంతం వరిసాగుకు మళ్లింది. కాలువ చివరి భూముల గోడు వేరే సంగతి. మొత్తంమీద పాటలోని నీటి దుఃఖం ఇక్కడ అంతగా వర్తించదు. అయినా కొలిమి ఇక్కడా చల్లారింది. అందుకు కారణం కరువు కాదు, పంట పండడమే. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రైతు ట్రాక్టరు తెచ్చాడు, కోతయంత్రాన్ని పిలిపించాడు. నాగలితోపాటు వడ్రంగి, కొడవలితోపాటు కమ్మరి పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఇందులో కంటికి ఆనని పన్నాగాల కన్నా ఊరందరికీ తెలిసిన నిర్ణయాలే ఎక్కువ. నేరమంతా బయటినుంచి వచ్చినవారిదే అనుకోవడంలో ఒక ఊరట ఉంది. పాట జనాదరణలో ఆ ఊరటకూ పాలు ఉందనిపిస్తుంది.

మరొక చిక్కు కులానిది. పల్లెను ఆదర్శంగా కీర్తించే ధోరణిని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగసభలోనే తీవ్రంగా ఖండించారు. కులవృత్తి కూడు పెట్టిన మాట నిజం. మనిషిని పుట్టుకకు కట్టేసిన పలుపుతాడూ అదే. కొలిమి విడిచి మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు కర్మాగారాల్లో పనికి కుదిరిన కమ్మరి కొడుకు దుఃఖించాడా, ఊపిరి పీల్చుకున్నాడా? రెండూ జరిగి ఉండవచ్చు. పాట మొదటిదాన్నే విన్నది. సినిమా పేరు మాత్రం ఇంకో అర్థానికి తావిస్తున్నది: కుబుసం బతికిన పామే విడుస్తుంది.

అయితే కవి ‘పెడుతుంది’ అనలేదు, ‘పెడుతుందో’ అన్నాడు. ఆ ఓకారం సందేహార్థకం. పాడేటప్పుడు దీర్ఘం సాగి పిలుపుగానూ మారుతుంది. కన్నీటికి కారణమేమిటో కవికే పూర్తిగా తేలలేదన్న కలవరం ఆ ఒక్క అక్షరంలో నిలిచింది. ఈ పాటను ప్రపంచీకరణ వ్యతిరేక గీతంగా మాత్రమే పాఠం చెప్పే మన తరగతి గదులు ఆ ఓకారాన్ని తీసివేసి, అక్కడ పూర్ణవిరామం పెట్టి చదువుతున్నాయి.