పేరులోనే తాళంచెవి

ఇంటి వైఫైకి పేరు మార్చడం నిమిషం పని. రౌటర్ పేజీ తెరిచి, కంపెనీవాళ్ళు పెట్టిన అంకెల పేరు తీసేసి, మనకు నచ్చింది రాసి సేవ్ నొక్కితే సరి. ఫోన్లలో, టీవీలో కొత్త పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొడితే అవి దారిలో పడతాయి. మేడ మీద వాతావరణ కేంద్రం పెట్టుకున్న ఇంట్లో మాత్రం ఒక విచిత్రం కనిపిస్తుంది. హాల్లో ఉన్న కన్సోల్ తెర మీద ఉష్ణోగ్రత, గాలి, వాన ఎప్పటిలాగే మారుతూనే ఉంటాయి. ఇంటర్నెట్‌లో మన కేంద్రం పేజీ ఒక్కటే, పేరు మార్చిన సమయం దగ్గర ఆగిపోతుంది. సగం నడుస్తూ సగం ఆగిన ఈ స్థితిని కాస్త ఓపికగా పరిశీలిస్తే, ఆ పరికరం ఎక్కడెక్కడ ఎలా అతుక్కుని ఉందో ఒక్కొక్కటే బయటపడుతుంది.

మేడ మీది గొట్టానికి బిగించిన భాగంతో మొదలుపెడదాం. అన్నిటికన్నా పైన మూడు గిన్నెలు గాలికి తిరుగుతుంటాయి. గిన్నె లోపలి గుంట గాలిని పట్టినంతగా వెలుపలి గుండ్రటి వీపు పట్టదు. ఆ తేడా వల్ల గాలి ఏ దిక్కు నుంచి వీచినా గిన్నెలు తిరిగేది ఒకే వైపు. ఇరుసుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. అది రీడ్ స్విచ్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ, సన్నటి గాజు గొట్టంలో ఉన్న రెండు లోహపు రేకులు ఒకదానికొకటి తగిలి విడిపోతాయి. విరివిగా అమ్ముడైన ఒక నమూనాలో ఇది సెకనుకు ఒకసారి జరిగితే గాలి వేగం గంటకు 2.4 కిలోమీటర్లని లెక్క.

దిక్కు చూపే తోకలో పనితనం ఇంకా ముచ్చటగా ఉంటుంది. అదే నమూనాలో తోక కింద గుండ్రంగా ఎనిమిది రీడ్ స్విచ్‌లు అమర్చి, ఒక్కోదానికి ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్ తగిలించారు. అయస్కాంతం సరిగ్గా ఒక స్విచ్ ఎదుట ఉంటే అదొక్కటే మూసుకుంటుంది. రెండింటికీ నడుమ నిలిస్తే రెండూ మూసుకుంటాయి, అప్పుడు రెండు రెసిస్టర్లూ కలిసి వేరే విలువ ఇస్తాయి. అలా ఎనిమిది స్విచ్‌లతో పదహారు దిక్కులు తెలుస్తాయి. తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్య నుంచి వచ్చే గాలిని పట్టుకోవడానికి అదనంగా ఒక్క భాగం కూడా పెట్టలేదు. ఇంత సమాచారమూ కిందికి దిగేది రెండే తీగల మీద.

ఇక వాన. పైన గరాటు, దాని కింద తూగుడు బల్లలా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న తొట్లు. నీళ్ళు ఒక తొట్టిలో నిండగానే బరువుకు అది ఒరిగి ఒలికిపోతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లయితే 0.2 మిల్లీమీటర్ల వాన అంటే 4 మిల్లీలీటర్ల నీళ్ళు. తొట్టి ఆ కొలతకు ఒరిగేలా కింద మరతో సరిచేస్తారు. ఒరిగినప్పుడల్లా ఇక్కడా ఒక అయస్కాంతం, ఒక రీడ్ స్విచ్, ఒక లెక్క. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చికి రూపమిచ్చిన క్రిస్టఫర్ రెన్ 17వ శతాబ్దంలోనే ఈ ఒరిగే తొట్టిని ఆలోచించాడు. ఆయన కాలంలో అయస్కాంతపు స్విచ్ లేదు, రేడియో లేదు. నీటి బరువే నీటిని కొలిచే ఉపాయం మాత్రం ఈనాటికీ అదే.

ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్ తెల్లటి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గూడులో ఉంటుంది. ఎండ నేరుగా తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి. ఈ రెండు షరతులూ పళ్ళేల వాలే తీరుస్తుంది. గాలి పీడనం కొలిచే సెన్సర్ మాత్రం మేడ మీద ఉండదు, ఇంట్లో కన్సోల్‌లోనే ఉంటుంది. తలుపులు వేసినా ఇంటి లోపలా బయటా పీడనం ఒకటే కదా! ఎండకీ వానకీ పెట్టాల్సిన అవసరం లేనిదాన్ని నీడన పెట్టారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ ఆ సెన్సర్ 950 హెక్టోపాస్కల్స్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది. సముద్రమట్టానికి సరిచేసి చూపే లెక్క కన్సోల్ చేస్తుంది.

మేడ మీది భాగం ఈ కొలతలన్నిటినీ ఒక చిన్న రేడియో సందేశంగా కట్టి కిందికి పంపుతుంది. దేశాన్ని బట్టి 433, 868, 915 మెగాహెర్ట్జ్‌లలో ఏదో ఒకటి. ఎకోవిట్ వంటి కంపెనీల కొన్ని కేంద్రాల్లో 16 సెకన్లకు ఒకసారి. ఇది వైఫై కాదు. దీనికి పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, అవతలివాడు విన్నాడా అని అడిగే పని కూడా లేదు. పంపి నిద్రపోతుంది. అందుకే చిన్న సోలార్ పలక, ఒకటి రెండు బ్యాటరీలతో నెలల తరబడి నడుస్తుంది. రౌటర్‌కి మనం ఏ పేరు పెట్టినా దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆ సందేశం లోపల నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వాన అంకె. గడిచిన 16 సెకన్లలో ఎంత పడిందో అది చెప్పదు. తొట్టి మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎన్నిసార్లు ఒరిగిందో చెబుతుంది. కరెంటు మీటరు చూడండి: రీడింగ్ తీసేవాడు ఒక నెల రాకపోయినా యూనిట్లు ఎక్కడికీ పోవు, మరుసటి నెల రీడింగ్‌లో అన్నీ ఉంటాయి. ఇక్కడా అంతే. ఉరుములు మెరుపుల్లో నాలుగు సందేశాలు గాల్లో కలిసిపోయినా, ఐదోది అందగానే కన్సోల్ పాత మొత్తాన్ని తీసేసి మధ్యలో పడిన వానంతా తెలుసుకుంటుంది. సందేశం చివర సరిచూపు అంకె ఒకటి ఉంటుంది. దారిలో చెడిన సందేశాన్ని కన్సోల్ దాంతో గుర్తుపట్టి వదిలేస్తుంది. వదిలేసినా నష్టం లేకుండా కట్టిన వ్యవస్థలో అలా వదిలేయడం చాలా తేలిక.

ఇంతవరకూ ఏదీ తెగలేదు. తెగింది కన్సోల్ నుంచి రౌటర్‌కి వెళ్ళే ఆ ఒక్క అంగ.

రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చాటుతుంది. సరిగ్గా చెప్పాలంటే మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి. కన్సోల్ ఆ పేర్లన్నీ విని, తన జ్ఞాపకంలో ఉన్న పేరు ఉందేమో వెతుకుతుంది. పోల్చేది అక్షరాలను కాదు, వాటి వెనక ఉన్న బైట్లను. పెద్దబడి, చిన్నబడి అక్షరాల్లో తేడా వస్తే అది వేరే పేరు. చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి పడినా వేరే పేరే. పేరు మొత్తం 32 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు కూడా తలా మూడు బైట్లు. ‘మా ఇల్లు’ అని పెడితే 22 బైట్లు, ఇమిడిపోతుంది. ‘గోదావరి నివాసం’ అంటే 40, పట్టదు. పైగా ఇలాంటి చిన్న పరికరాల సెటప్ పేజీల్లో కొన్ని తెలుగు పేరును సరిగా చూపించలేవు. అందుకని ఇలాంటి పరికరాలున్న ఇంట్లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా, ఖాళీలు లేకుండా పెట్టుకోవడం సుఖం.

పాస్‌వర్డ్ మార్చలేదు కదా, పేరొక్కటే కదా మారింది, కన్సోల్‌కి ఆ కొత్త పేరు చెబితే చాలదా అనిపిస్తుంది. ఈ ప్రశ్నకు జవాబులోనే వైఫై భద్రతలోని అసలు అందం ఉంది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పద్ధతిలో, మనం కొట్టే పాస్‌వర్డ్ నేరుగా తాళంచెవి కాదు. పాస్‌వర్డ్‌నీ నెట్‌వర్క్ పేరునీ కలిపి ఒక గణిత ప్రక్రియలో 4096 సార్లు తిప్పుతారు. చివర వచ్చే 256 బిట్ల సంఖ్యే అసలైన తాళంచెవి. అంటే పేరు తలుపు మీది బోర్డు కాదు, తాళంచెవిని పోతపోసిన లోహంలో అదీ ఒక పాలు. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, పేరు మారితే తాళంచెవి మొత్తం మారిపోతుంది. సెటప్ పేజీ పేరుతో పాటు పాస్‌వర్డ్ కూడా మళ్ళీ అడగడంలో న్యాయం ఉంది.

ఎందుకిలా చేశారు? దొంగ సామాన్య పాస్‌వర్డులన్నిటికీ తాళంచెవులు ముందే తయారుచేసి పట్టిక రాసి పెట్టుకోవచ్చు. పేరు కూడా కలిస్తే ఒక్కో పేరుకీ ఒక్కో పట్టిక మళ్ళీ మొదటి నుంచి రాయాలి. ఒక్కో ఊహకీ 4096 చుట్లు తిప్పాలి. మన పరికరానికి ఆ చుట్లు ఒక్కసారి చేస్తే అయిపోయే పని. కోట్ల పాస్‌వర్డులు వరసగా ప్రయత్నించేవాడికి మాత్రం ప్రతిదానికీ ఆ బరువు తప్పదు. లక్షల రౌటర్లకు ఉమ్మడిగా ఉండే ఫ్యాక్టరీ పేరుకు పట్టిక రాయడం గిట్టుబాటవుతుంది, మనం సొంతంగా పెట్టుకున్న పేరుకు కాదు. ఆ లెక్కన పేరు మార్చడం మంచి పనే.

దీన్ని తిరగేసి చూస్తే ఒక ఉపాయం దొరుకుతుంది. ఈ తాళంచెవిలో రౌటర్ పెట్టె తయారీ నంబరు కలవదు. బ్రాడ్‌బ్యాండ్ మార్చి పూర్తిగా వేరే రౌటర్ తెచ్చినా, దానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెడితే మామూలుగా కేంద్రం ఏమీ జరగనట్టు తనంతట తానే అతుక్కుంటుంది. పేరు మార్చక తప్పదంటే రౌటర్‌లోనే పాత పేరుతో, పాత పాస్‌వర్డ్‌తో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తెరవచ్చు. చాలా రౌటర్లు గెస్ట్ పరికరాలను ఇంట్లోని మిగతా వాటికి కనిపించనివ్వవు కాబట్టి ఫోన్ యాప్ కన్సోల్‌ను నేరుగా చూడలేకపోవచ్చు. ఇంటర్నెట్‌కి అంకెలు మాత్రం వెళ్తాయి.

కొత్త పేరుతోనే నేరుగా కలపాలంటే కన్సోల్ చేసే పని చూసి తీరాలి. కన్సోల్ బదులు గోడకు తగిలించే చిన్న గేట్‌వే పెట్టె ఉంటే, దానికి తెర లేదు, కీబోర్డు లేదు. కొత్త పేరు దానికి చెప్పేదెలా? బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అది కాసేపు తానే రౌటర్ అయిపోతుంది. దీపం వేగంగా మిణుకుమంటుంది, ఫోన్‌లో వైఫై జాబితాలో దాని మోడల్ పేరు ప్రత్యక్షమవుతుంది. ఫోన్‌ని ఆ నెట్‌వర్క్‌లో చేర్చి, యాప్‌లోగానీ బ్రౌజర్‌లో 192.168.4.1 అని కొట్టిగానీ దాని పేజీ తెరవాలి. ఇక్కడ తడబడేది ఎక్కువగా ఫోనే. ఆ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదని గమనించి మొబైల్ డేటాకో పాత వైఫైకో జారుకుంటుంది. ఈ కాసేపూ మొబైల్ డేటా ఆపేస్తే కుదురుగా ఉంటుంది. పేజీలో పెట్టె తన చుట్టూ వినిపిస్తున్న పేర్ల జాబితా చూపిస్తుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ వినబడదు. కొత్త పేరు ఆ జాబితాలో లేదంటే రౌటర్‌లో 2.4 ఆపేశారేమో చూడాలి. భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంటే, పాత పెట్టెల కోసం డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన పద్ధతికి మార్చాలి.

పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ రాసి సేవ్ నొక్కగానే పెట్టె రౌటర్ వేషం తీసేస్తుంది. ఆ 4096 చుట్లు తిప్పి కొత్త తాళంచెవి చేసుకుంటుంది. అప్పుడు రౌటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది, పెట్టె తన సంఖ్య ఒకటి జోడించి తాళంచెవితో ముద్ర వేసి బదులిస్తుంది. రౌటర్ అదే ముద్ర తన దగ్గర వేసి చూసుకుంటుంది. నాలుగు సందేశాల్లో ఇద్దరూ ఒకరినొకరు నమ్ముతారు. పాస్‌వర్డ్ గానీ, తాళంచెవి గానీ ఒక్కసారి కూడా గాల్లోకి రావు. తర్వాత రౌటర్ దానికి ఇంట్లో ఒక చిరునామా ఇస్తుంది, అది ఇంటర్నెట్‌లో సమయం అడిగి గడియారం సరిచేసుకుంటుంది, అంకెలు పంపడం మొదలుపెడుతుంది. 1995లో మొదలైన వెదర్ అండర్‌గ్రౌండ్ అనే వాతావరణ వెబ్‌సైట్‌కి పంపే సందేశమైతే ఒకే ఒక్క పొడవాటి వెబ్ చిరునామా. కొలతలన్నీ అందులోనే గుచ్చి ఉంటాయి. అక్కడ ఫారెన్‌హీట్, అంగుళాలే వాడుక. మన మేడ మీది 30 డిగ్రీలు 86 అయి వెళ్ళి, చూసేవాడి తెర మీద మళ్ళీ 30 అవుతాయి.

ఆ చిరునామాలో వాన అంకె మళ్ళీ ‘ఈ రోజు ఇప్పటిదాకా మొత్తం’ అనే రూపంలోనే ఉంటుంది. మేడ నుంచి కన్సోల్‌కి వచ్చే సందేశంలో చూసిన తెలివే ఇక్కడా. పొద్దున పేరు మార్చి, మధ్యాహ్నం కుండపోత కురిసి, సాయంత్రం తిరిగి కలిపితే, వెళ్ళే మొదటి సందేశంలోనే మధ్యాహ్నపు వానంతా ఉంటుంది. గ్రాఫ్‌లో ఆ గంటలు ఖాళీగా ఉన్నా రోజు మొత్తం సరిగ్గా వస్తుంది. గాలికి ఈ సౌకర్యం లేదు. వేగం ఆ క్షణానిది, దాన్ని కూడబెట్టలేం. ఆ మధ్యలో వచ్చిన ఈదురుగాలి వేగం కన్సోల్‌లోని ఆ రోజు గరిష్ఠంగా మిగులుతుందేగానీ ఇంటర్నెట్ గ్రాఫ్‌లోకి రాదు. మెమరీ కార్డు ఉన్న కన్సోళ్ళలో అయితే అదీ కార్డు మీద దొరుకుతుంది.

వాన మొత్తం విషయంలో గుర్తుంచుకోవాల్సింది రోజు ఎక్కడ మారుతుందన్నది. భారత వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. ఇంటి కేంద్రాలు మామూలుగా అర్ధరాత్రికి రోజు లెక్కను సున్నా చేస్తాయి. కాబట్టి వాన పడుతున్న రోజు పేరు మారిస్తే, అర్ధరాత్రి లోపు తిరిగి కలపాలి. దాటిపోతే ఆ రోజు అంకె కన్సోల్‌లోని నెల మొత్తంలో ఉంటుంది, అక్కడి నుంచి తీసి చేత్తో రాసుకోవాలి.