వచ్చిపోయే కళాకారులు, నిలవవలసిన ఇళ్ళు

వైద్యవిద్యలో రెసిడెన్సీ అన్న మాటకు మొదట్లో అర్థం అక్షరాలా నివాసమే. పందొమ్మిదో శతాబ్దం చివర జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శిక్షణ పొందిన యువవైద్యులు అక్కడే ఉండేవారు. రాత్రి చూసిన రోగికి ఉదయం మళ్ళీ జవాబు చెప్పుకోవలసి రావటం ఆ చదువులో ముఖ్యమైన పాఠం. వర్ధమాన చిత్రకారులకిచ్చే రెసిడెన్సీలలో ఈ జవాబుదారీ ఎవరిది?

ఈ ప్రశ్నకు హ్యూస్టన్‌లోని ప్రాజెక్ట్ రో హౌసెస్ మంచి ఉదాహరణ. 1993లో రిక్ లో అనే చిత్రకారుడూ, మరో ఆరుగురు ఆఫ్రికన్ అమెరికన్ కళాకారులూ కలిసి థర్డ్ వార్డ్ పేటలో పాడుబడిన 22 చిన్న ఇళ్ళను బాగుచేయటానికి పూనుకున్నారు. రైలుపెట్టెలో లాగా గదులు ఒకదాని వెనక ఒకటిగా ఉండే వీటిని షాట్‌గన్ ఇళ్ళంటారు. అదే పేటలోని టెక్సస్ సదరన్ యూనివర్సిటీలో చిత్రకళ బోధించిన జాన్ బిగర్స్ ఈ ఇళ్ళను తన చిత్రాలలో గౌరవంగా నిలబెట్టాడు. సంస్థకు అది ఒక ప్రేరణ. రెండోది ఒక హైస్కూలు విద్యార్థి ప్రశ్న: మా కష్టాలు మాకు తెలుసు, మీరు కళాకారులైతే పరిష్కారం ఎందుకు సృష్టించరు? రిక్ తరచూ చెప్పే సంఘటన ఇది.

ప్రశ్న న్యాయమైనదే. కాని ఇరవై యేళ్ళ చిత్రకారుడి నెత్తిన దాన్ని పెడితే, అతను బొమ్మ వేయటం మాని సంఘసేవ నివేదిక తయారుచేయవచ్చు; లేదా పేట కష్టాలను ముడిసరుకుగా వాడుకుని, ప్రదర్శన ముగియగానే వెళ్ళిపోవచ్చు. కొత్తవారికి విఫలమయ్యే స్వేచ్ఛ ఉండాలి. ఆ వైఫల్యపు ఖర్చు పేట భరించకూడదు.

ఇక్కడ ఈ చిక్కును బాధ్యతల విభజనతో విప్పారు. కొన్ని ఇళ్ళు కళకు కేటాయించారు. వైద్యులకు చిరపరిచితమైన 'రౌండ్స్' అన్న పేరుతోనే విడతలవారీగా కళాకారులు ఒక్కొక్క ఇంటిని కళాకృతిగా మలుస్తారు. వేసవిలో స్థానిక కళాశాలల విద్యార్థులకు, వర్ధమాన కళాకారులకు అవే స్టూడియోలవుతాయి. మరికొన్ని ఇళ్ళలో, 1996లో మొదలైన కార్యక్రమం కింద, చదువుకుంటున్న ఒంటరి తల్లులు పిల్లలతో నివసిస్తారు. తక్కువ అద్దె ఇళ్ళ కోసం 2003లో అనుబంధ సంస్థ ఏర్పడింది. అంటే వచ్చిపోవటం కళాకారుడి వంతు, నిలిచి ఉండటం సంస్థ వంతు. పక్కింట్లో ఒక తల్లి పరీక్షకు చదువుకుంటోందన్న ఎరుకతో పనిచేయటమే యువకళాకారుడికి లభించే శిక్షణ. ఆసుపత్రిలోనూ రెసిడెంట్లు మారుతుంటారు. రోగి బాధ్యత ఆసుపత్రిది.

ఈ పద్ధతికి పరిమితి ఉంది. నగర కేంద్రానికి దగ్గరలో ఉన్న థర్డ్ వార్డ్‌లో భూముల ధరలు పెరిగి పాత కుటుంబాలు తరలిపోతున్నాయి. కళ తెచ్చిన పేరు కూడా కొనుగోలుదారులను ఆకర్షిస్తుందన్న విమర్శను తోసిపుచ్చలేం. ఆ వరదకు అద్దె ఇళ్ళు చిన్న అడ్డుకట్ట మాత్రమే. 2014లో రిక్‌కు దక్కిన మెకార్థర్ ఫెలోషిప్ గొప్ప గుర్తింపే అయినా, ఈ సంస్థను కొలవవలసింది పేటలో ఇంకా ఎవరు ఉండగలుగుతున్నారన్న దానితో.

ఇందులో మనకూ ఒక పాఠముంది. నేను చూసిన మన సభలలో సంగీతానికీ నాట్యానికీ వేదిక ఉంటుంది. చిత్రకారుడికి మిగిలేది ఆ వేదిక వెనక తెర. బొమ్మలు వేసే మన పిల్లలకు ఒక గదీ, ఒక వేసవీ, ఇరుగుపొరుగుతో పరిచయమూ ఇవ్వటం మన సంఘాలకు అసాధ్యమేమీ కాదు. కష్టమైన పని ఆ గదిని పదేళ్ళపాటు నిలపటం. ఆ పనిని పిల్లల మీద వేయకుండా మనం తీసుకోగలిగితేనే దాన్ని మొదలుపెట్టాలి.