ఒక జమీకుటుంబపు లేఖలు

అమెరికా దక్షిణభాగమున, జార్జియా రాష్ట్రపు లిబర్టీ కౌంటీలో నివసించిన జోన్స్ కుటుంబపు లేఖలను రాబర్ట్ మాన్సన్ మయర్స్ సంకలించి, 1972లో ‘ది చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్’ అను పేర ప్రకటించెను. 1854 మొదలు 1868 వరకు నడచిన ఈ లేఖలలో వరిచేలు, ప్రత్తి, జ్వరములు, అంతర్యుద్ధము పెనవేసికొనియున్నవి.

కుటుంబపెద్దయైన చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ క్రైస్తవ బోధకుడు. యౌవనమున బానిసత్వము అన్యాయమని తలచినవాడే, 1863లో బానిసల యజమానిగనే కన్నుమూసెను. మరుసటి యేడు డిసెంబరులో షెర్మన్ సైనికులు ఇల్లు దోచుకొన్న వైనమును భార్య మేరీ తన దినచర్యలో వ్రాసినది. అది చదువునపుడు మనస్సు ద్రవింపక మానదు.

అయితే ఆ యింటివారే 1857 నాటికి ఫీబీ, కాషస్ అను దంపతులను బిడ్డలతో సహా అమ్మివేసిరి. ఆ విక్రయమును గూర్చిన లేఖలలో ధర యున్నది. కుటుంబమును విడదీయరాదను ధర్మచింతయు నున్నది. అమ్మకము మాత్రము ఆగలేదు.

ఎర్‌స్కిన్ క్లార్క్ 2005లో వెలువరించిన ‘డ్వెల్లింగ్ ప్లేస్’ అను గ్రంథమున ఈ పత్రములను ఆధారము చేసికొనియే, యజమానుల కథతోపాటు బానిసకుటుంబముల కథను గూడ చెప్పెను. లేఖలలోని సొగసైన వాక్యమును మెచ్చుకొనుటతో విమర్శకుని పని తీరదు. ఆ తీరిక యెవరి చెమట వలన లభించినదో కూడ అతడు అడుగవలెను.