పొగడ్త వద్దు, పూజ చెప్పించండి

మా కతోలికుల్లో చనిపోయినవాళ్లను గుడిలో పొగడకూడదు. ఇదేదో మా ఊరి కట్టుబాటు కాదు. దివ్యపూజ ఎలా జరపాలో రోము ఇచ్చిన సాధారణ ఉపదేశంలో 382వ అంశంగా రాసి ఉంది. అంత్యక్రియల పూజలో గురువు క్లుప్తంగా ప్రసంగించాలి, ఆ ప్రసంగం పోయినవారి గుణగానం కాకూడదు. ఇంటివాళ్లలో ఒకరు రెండు మాటలు చెప్పుకోవాలనుకుంటే, సత్ప్రసాదం పంచడం అయ్యాక, ఆఖరి వీడ్కోలు ప్రార్థనకు ముందు కాస్త వ్యవధి ఉంటుంది.

మా పెద్దన్నయ్య పోయినప్పుడు ఆ రెండు మాటల పని నా మీద పడింది. పత్రికల్లో రాస్తాను కాబట్టి నాకది తేలికని ఇంట్లోవాళ్ల నమ్మకం. "ఐదు నిమిషాలు. కాగితం చూసి చదవండి, మధ్యలో కొత్తవి కలపొద్దు" అన్నారు ఫాదర్‌గారు. మైకు దొరికిన తమ్ముళ్లను ఆయన చాలామందినే చూసి ఉంటారు.

అప్పటికే బజారు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. 'నిరాడంబరుడు, మృదుస్వభావి, అజాతశత్రువు' అని మూడు ముక్కలు. మొదటిది నిజం. తక్కిన రెండూ అన్నయ్యను ఎన్నడూ చూడని ఫ్లెక్సీ షాపు కుర్రాడు తన కంప్యూటర్లో ఉన్న నమూనాలోంచి దింపినవి. అన్నయ్యది మృదుస్వభావమంటే, మాచర్ల బస్సెక్కిన ఏ ప్రయాణికుడూ ఒప్పుకోడు.

అన్నయ్య ఆర్టీసీ కండక్టరు. సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు–మాచర్ల రూటే: ఫిరంగిపురం, నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా. ఫిరంగిపురం స్టేజీ వచ్చిందంటే ఎంత రద్దీలో ఉన్నా ఒక చెయ్యి ఖాళీ చేసుకుని సిలువ గుర్తు వేసుకునేవాడు. టికెట్లు కొట్టే మిషన్లు రాకముందు కాలం అది. చేతిలో టికెట్ల ట్రే, భుజాన తోలు సంచి. చిల్లర లేకపోతే ఇవ్వాల్సింది టికెట్ వెనక రాసి "దిగేటప్పుడు అడుగు" అనేవాడు. అడగడం మరిచిపోయి దిగిపోయినవాణ్ణి కిటికీలోంచి కేకేసి, తిట్టి మరీ ఇచ్చేవాడు. బస్సు కదిలిపోతే ఆ డబ్బులు విడిగా పెట్టి గుడిలో పునీత అంతోనివారి హుండీలో వేసేవాడు. ఆదివారం డ్యూటీ పడితే శనివారం సాయంత్రం పూజకు వెళ్లేవాడు. అలా వెళ్లినా ఆదివారం బాధ్యత తీరుతుందని 1983 నాటి తిరుసభ చట్టం చెబుతుంది. అదీ కుదరకపోతే డ్యూటీయే మార్చుకునేవాడు. అందుకు బదులుగా ఎవరి పండక్కి వాళ్లకు సెలవిచ్చి, తను బస్సెక్కేవాడు.

ఇక్కడిదాకా రాయడం కష్టం కాలేదు. ఆ తర్వాతే కలం ఆగింది.

భర్తగా ఎలాంటివాడో రాద్దామని వదినను అడిగాను. ఆమె జపమాల సంగతి చెప్పింది. వాళ్లింట్లో రాత్రి భోజనాలకు ముందు జపమాల తప్పదు. మంగళవార్త జపంలో మొదటి సగం అన్నయ్యది, రెండో సగం వదినది. పూసలు తిరిగి మొదటికొచ్చేసరికి యాభై మూడు సార్లు ఒకరి మాట ఒకరు అందుకోవాలి. "పోట్లాడుకున్న రోజున కూడా ఆయన సగం ఆయన చెప్పేవాడు. నా సగం నేను చెప్పక తప్పేది కాదు. అక్కడితో పలకరింపులు అయిపోయేవి" అంది. 2002లో రెండో జాన్‌పాల్ పోపుగారు జపమాలలో వెలుగు దేవరహస్యాలను కొత్తగా చేర్చి గురువారానికి కేటాయించారు. అన్నయ్య చాన్నాళ్లు ఒప్పుకోలేదట. గురువారమంటే సంతోష దేవరహస్యాలేనని, చిన్నప్పుడు నేర్చుకున్నది పోపు చెప్పినా మార్చనని పట్టు. వదిన మాత్రం గురువారం పగలు, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు, వెలుగు రహస్యాలు విడిగా చెప్పుకునేదట. సంసారం చేయడం అంటే ఏమిటో నాకు ఆ మాటతో కొంత అర్థమైంది.

తండ్రిగా? నాలుగు సువార్తలూ వెతికినా పునీత జోజప్పగారు పలికిన మాట ఒక్కటి కూడా దొరకదు. లేస్తాడు, బిడ్డనూ తల్లినీ తీసుకుని ఐగుప్తుకు పోతాడు, తిరిగొస్తాడు, వడ్రంగం చేస్తాడు. తండ్రులకూ పనివాళ్లకూ మంచి మరణం కోరేవాళ్లకూ ఆయనే పాలకుడు. అన్నయ్య కూడా అదే బడి. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కూతురు ఫోన్లో అంది: "నాన్న నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు బాబాయ్. హాస్టల్ ఫీజు మాత్రం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు." ఇందులో ఏ వాక్యం చదవాలి, ఏది వదిలెయ్యాలి? రెండోది ఒక్కటే చదివితే అది ఫ్లెక్సీ అవుతుంది.

పెద్దకొడుకుగా అన్నయ్య చేసింది చెప్పాలంటే ఇంకా చిక్కు. నాన్న తొందరగా పోయాడు. పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయిన 1980ల చివరి రోజులు. ఇంట్లో పెళ్లి కావాల్సిన అక్కచెల్లెళ్లు. అన్నయ్య ఉమ్మడిలో ఉన్న ఎకరం అమ్మి అక్క పెళ్లి చేశాడు. చిన్నన్నయ్యను ఒక్క మాట అడగలేదు. పెద్దవాణ్ణి, అడిగేదేముంది అనుకున్నాడు. ఆ ఎకరం మీదే ఆశ పెట్టుకున్న చిన్నన్నయ్య మాట్లాడటం మానేశాడు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే గుడిలో, ఒకే పూజలో మోకరించారు. మన దేశంలో పూజ మధ్యలో సమాధానం చెప్పుకునేటప్పుడు చేతులు జోడించి ఒకరికొకరు నమస్కరించుకుంటాం. ఆ వేళ వీళ్లిద్దరూ చెరో పక్కకు తిరిగి పక్కవాళ్లకు దణ్ణం పెట్టేవాళ్లు. ఊరంతా చూసేది.

ఇంత తెలిసిన ఊరి ముందు నిలబడి 'అజాతశత్రువు' అని ఎలా చదవను?

అప్పుడే 382వ అంశం విలువ నాకు తెలిసింది. పోయినవాళ్లంటే గౌరవం లేక తిరుసభ పొగడొద్దనలేదు. పొగిడితే ఆ మనిషితో పనైపోతుంది. ఆయన అంతటివాడు, ఇంతటివాడు, స్వర్గంలో ఉన్నాడు అనేశాక మనం చేయడానికేముంటుంది? ప్రార్థించాలంటే మాత్రం ఆయనలో ఇంకా సరిచేయాల్సింది ఏదో మిగిలిందని ఒప్పుకోవాలి. చిల్లర టికెట్ వెనక రాసి ఉన్నంతసేపూ ప్రయాణం ముగిసినా లెక్క ముగియనట్టే, మా నమ్మకంలో చావుతో మనిషి లెక్క ముగియదు. ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం గురించి పండితులు ఎన్ని గ్రంథాలు రాశారో గానీ, మామూలు కతోలికుడి బుర్రకెక్కింది ఇంతే.

తల్లి గురించి రాయాల్సి వచ్చినప్పుడు పునీత అగుస్తీను చేసిందీ ఇదే. 387లో రోము దగ్గర ఓస్తియా రేవులో మోనిక చనిపోయింది. నా శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టినా ఫర్వాలేదు, బలిపీఠం దగ్గర నన్ను తలచుకోండి చాలునని ఆమె కోరిక. అగుస్తీను ఆమెను ఎంత ప్రేమించాడో లోకానికి తెలుసు. అయినా ఆమె చిన్నప్పుడు దొంగతనంగా ద్రాక్షసారా రుచి మరిగిన సంగతి కూడా దాచకుండా రాశాడు. తండ్రి పత్రీసియుసు కోపిష్టి అని, భార్యకు నమ్మకంగా లేడని, ఆఖరి రోజుల్లో గానీ జ్ఞానస్నానం పుచ్చుకోలేదని రాశాడు. రాసి, చదివినవాళ్లందరూ ఆ ఇద్దరినీ బలిపీఠం దగ్గర తలచుకోండని అడిగాడు. పదహారు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ భార్యాభర్తలకు ప్రార్థనలు అందుతూనే ఉన్నాయి.

ఇంతకంటే కఠినమైన కథ ఒకటి గ్రెగోరి పోపు 'సంభాషణలు' గ్రంథంలో ఉంది. రోములో ఆయన మఠంలోనే జరిగింది. వైద్యం తెలిసిన యుస్తుసు అనే సన్యాసి మూడు బంగారు నాణేలు దాచుకున్నాడు. ఎవరికీ సొంత ఆస్తి ఉండకూడని చోటు అది. చనిపోయే ముందు తన సొంత అన్నదమ్ముడికే ఆ సంగతి చెప్పాడు. గ్రెగోరి అతణ్ణి తోటివాళ్లతో పాటు పూడ్చనివ్వలేదు. ఎరువు గోతిలో ఆ నాణేలతో సహా పూడ్పించాడు. కొన్నాళ్లకు మనసు కరిగి ముప్పై రోజులు వరసగా అతని కోసం పూజ చెప్పమన్నాడు. ముప్పయ్యో రోజున యుస్తుసు తన అన్నదమ్ముడికి కనిపించి, ఇన్నాళ్లూ బాధపడ్డాను, ఇప్పుడు బాగున్నాను అన్నాడట. ఇప్పటికీ చనిపోయినవాళ్ల కోసం వరసగా ముప్పై పూజలు చెప్పించే ఆచారానికి గ్రెగోరి పేరే ఉంది. ఆ మఠంలో యుస్తుసును ఎవరూ వెనకేసుకు రాలేదు. చేసింది తప్పేనన్నారు. ఆ తప్పు తెలిసి కూడా పూజ చెప్పారు.

మా బావగారు లూథరన్. గుంటూరులో ఇది కొత్తేం కాదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు వచ్చినప్పటి నుంచీ ఒకే ఊళ్లో ఆర్‌సీఎం గుడి, లూథరన్ గుడి ఎదురెదురుగా ఉంటున్నాయి. ఒకరింటి పిల్ల ఇంకొకరింటికి వెళుతూనే ఉంది. సమాధి దగ్గర ఆయన మెల్లగా అన్నాడు: "మీ అన్నయ్య ప్రభువు చేతిలో ఉన్నాడు. ఇక మనం చెప్పేదేముంది బావా?" మంచి ప్రశ్నే. యుద్ధంలో చచ్చిపోయిన తనవాళ్ల పాపాల కోసం యూదా మక్కబీయుడు చందా వసూలు చేసి యెరూషలేముకు పంపిన కథ మా బైబిల్లో ఉంది, వాళ్ల బైబిల్లో ఆ గ్రంథమే లేదు. ఆ వాదన లూథరు కాలం నుంచీ నడుస్తోంది. నేను తెగ్గొట్టగలిగేది కాదు. ప్రభువుకు మనం గుర్తు చేయనక్కర్లేదన్న మాట నాకూ సమ్మతమే. గుర్తు పెట్టుకోవాల్సింది మాత్రం మనం.

చివరికి గుడిలో నేను చదివిన కాగితంలో చిల్లర సంగతి, జపమాల సంగతి, హాస్టల్ ఫీజు గురించి అమ్మాయి చెప్పిన రెండు వాక్యాలూ ఉన్నాయి. ఎకరం సంగతి చదవలేదు, దాన్ని కప్పిపుచ్చే మాటా చదవలేదు. "అన్నయ్య దగ్గర ఎవరికైనా రావాల్సింది మిగిలిపోయి ఉంటే క్షమించి, ఆయన కోసం ప్రార్థించండి" అని కూర్చున్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు నవంబరు. మాకిది ఆత్మల నెల. 2వ తేదీన సమాధులకు సున్నం, పూలు, కొవ్వొత్తులు. ఆ ఒక్క రోజున ప్రతి గురువూ మూడు పూజలు చెప్పవచ్చని 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో జనం లక్షల్లో చస్తున్నప్పుడు, పదిహేనో బెనెడిక్టు పోపుగారు అనుమతించారు. మా ఇంట్లో ఈ నెల రాగానే పోయినవాళ్ల పేర్ల పుస్తకం బయటికొస్తుంది. తాతలు, నానమ్మలు, పురిట్లో పోయిన పసిపిల్లలు, వాళ్ల తేదీలు. ఎవరికి ఏ రోజు పూజ చెప్పించాలో చూసుకుని గుడి ఆఫీసులో పేర్లిచ్చి రావడం ఇంటి పెద్దకొడుకు పని. ఇచ్చే కానుక పూజకు వెల కాదు. వ్యాపారమన్న అనుమానం కూడా రానివ్వకూడదని, ఇచ్చుకోలేని పేదవాడి కోసమైనా పూజ చెప్పాలని తిరుసభ చట్టం గురువులను కోరుతుంది.

అన్నయ్య పోయాక వదిన ఆ పుస్తకం తెచ్చి చిన్నన్నయ్య చేతిలో పెట్టింది. "వరసలో ఇప్పుడు నువ్వే" అంది. ఆయన ఏమీ అనకుండా తీసుకున్నాడు. మొన్న ఆదివారం పూజకు ముందు ఫాదర్‌గారు చదివిన ఉద్దేశాల్లో పెద్దన్నయ్య పేరు మొదట వచ్చింది. ఇచ్చినవారు చిన్నన్నయ్య.

బయటికొచ్చాక, సంవత్సరీకం కార్డు మీద వేయడానికి నాలుగు మాటలు రాసిస్తావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నేను రాస్తే ఎకరం సంగతి రాయాల్సొస్తుంది, నువ్వే రాసుకో" అన్నాడు. "పూజకైతే పేరు చాలు."