కొలతా? అనుమితా? – లేజర్ ప్లాస్మా వర్ణపట విశ్లేషణ: తెలుగు వాక్యం

1. ఉపోద్ఘాతం

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనను గురించిన చర్చ ఎక్కువగా పారిభాషిక పదాల చుట్టూ తిరుగుతూ వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు, వేమూరి వేంకటేశ్వరరావు నిఘంటువు వంటి కృషి వల్ల పదాల కొరత చాలావరకు తీరింది. తీరనిది వాక్యం కొరత. లేజర్ పుట్టించే ప్లాస్మా స్థితిగతులను ఎక్స్-కిరణ వర్ణపటం ద్వారా తెలుసుకునే పద్ధతిని ఉదాహరణగా తీసుకొని ఈ లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విషయ నేపథ్యం

వర్ణపట పరిశోధన తెలుగువారికి కొత్త కాదు. అయనీకృత పరమాణువుల వర్ణపటాలపై కృషి చేసిన కె. రంగధామరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాఖకు పునాది వేశారు. లేజర్ ప్లాస్మా వెలువరించే కాంతిని విశ్లేషించి పేలుడు పదార్థాలను గుర్తించే పరిశోధన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ప్లాస్మా మరింత వేడెక్కితే ఎక్స్-కిరణాలను ఆశ్రయించాలి. శక్తిమంతమైన లేజర్ స్పందాన్ని అల్యూమినియం రేకుపై కేంద్రీకరిస్తే ఉష్ణోగ్రత లక్షల డిగ్రీలు దాటి కోటి దాకా చేరవచ్చు. అప్పుడు 13 ఎలక్ట్రాన్లున్న పరమాణువు 11 లేదా 12 ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. స్ఫటికం సాయంతో కిరణాలను తరంగదైర్ఘ్యాల వారీగా విడదీస్తే, 12 కోల్పోయిన అయాన్ ప్రధానరేఖ దాదాపు 7.17 ఆంగ్‌స్ట్రాముల వద్ద, 11 కోల్పోయిన దాని రేఖ 7.76 వద్ద కనిపిస్తాయి. ఈ రేఖల తీవ్రతల నిష్పత్తి ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను, తగిన రేఖల వెడల్పు ఎలక్ట్రాన్ సాంద్రతను సూచిస్తాయి.

3. ‘కొలిచారు’ అనే క్రియ

దీన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘ఉష్ణోగ్రతను కొలిచారు’ అని ముగించడం పరిపాటి. నిజానికి కొలిచినది రేఖల తీవ్రతను మాత్రమే. ఉష్ణోగ్రత అనుమితి. ఈ భేదాన్ని చెప్పే పరిభాష మనకు ఎప్పటినుంచో ఉంది. అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివినవారికి కొండమీది పొగను చూసి నిప్పును ఊహించడం తెలిసిందే. పొగ హేతువు, నిప్పు సాధ్యం, రెండింటి నియత సంబంధం వ్యాప్తి. ఇక్కడ రేఖల నిష్పత్తి హేతువు, ఉష్ణోగ్రత సాధ్యం. పరమాణు నమూనా గణనలే వ్యాప్తి. నమూనా మారితే అవే రేఖల నుంచి మరో ఉష్ణోగ్రత వస్తుంది.

నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనలేమని తార్కికులు హెచ్చరించారు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగకు తడి కట్టె కావాలి. అదే ఉపాధి. ప్లాస్మాలోనూ ఇంతే. ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయిన అయాన్ రేఖలను వెలువరించదు. అందుకే లేజర్ సంలీన ప్రయోగాల్లో హైడ్రోజన్ ఐసోటోపుల ఇంధనానికి కొద్దిగా ఆర్గాన్ వంటి వాయువును కలిపి, దాని రేఖలను చదువుతారు. రేఖలు కనిపించినా చిక్కులున్నాయి. దట్టమైన ప్లాస్మా తన కాంతిని తానే శోషించుకుంటే నిష్పత్తి మారుతుంది. కాలానుగుణంగా విడదీయని వర్ణపటంలో వేడి దశ, చల్లారే దశ కలిసిపోతాయి. ‘కొలిచారు’ అనే ఒక్క క్రియ ఈ ఉపాధులన్నిటినీ మరుగుపరుస్తుంది.

4. పదాల పరిశీలన

‘ఉష్ణోగ్రత’ అని ఊరుకుంటే చాలదు. ఎలక్ట్రాన్లదీ అయాన్లదీ వేరువేరుగా ఉండవచ్చు. ‘సాంద్రత’ అనగానే విద్యార్థికి ద్రవ్యరాశి స్ఫురిస్తుంది కనుక ‘సంఖ్యాసాంద్రత’ అనాలి. కంటికి కనిపించని కిరణాలకు ‘వర్ణపటం’ అనే మాట తగదన్న అభ్యంతరం రావచ్చు. వర్ణానికి రంగుతోపాటు అక్షరమనే అర్థమూ ఉంది. రేఖలను చదివి అర్థం గ్రహించే ఈ శాస్త్రానికి ఆ మాట బాగా ఒదుగుతుంది.

5. ముగింపు

తిరువూరు వంటి పట్టణంలో తెలుగు మాధ్యమంలో చదువుకొని భౌతికశాస్త్ర పట్టా తరగతికి వచ్చిన విద్యార్థికి మన వాక్యమే మొదటి ప్రయోగశాల. ‘కొలిచారు’ అని చదివినవాడు సంఖ్యను నమ్ముతాడు. ‘రేఖల నిష్పత్తిని కొలిచి, ఫలానా నమూనా ఆధారంగా ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను అనుమించారు’ అని చదివినవాడు ఆ నమూనా ఏమిటని అడుగుతాడు. వాక్యం కొంచెం పొడవవుతుంది, నిజమే. ఆ ప్రశ్నకు చోటివ్వని క్లుప్తత శాస్త్రరచనకు గుణం కాదు.